ఏ ఊరి తోట అది?

2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో ఒక ప్రయోగం మొదలైంది. వ్యవసాయ పద్ధతులను పల్లెల్లో వీడియోల ద్వారా నేర్పించవచ్చా అని చూడటం దాని ఉద్దేశం. రికిన్ గాంధీ నడిపిన ఆ పని తర్వాత డిజిటల్ గ్రీన్ అనే విడి సంస్థ అయింది. చుట్టుపక్కల రైతులతోనే చిన్న వీడియోలు తీసి, సాయంత్రం పూట ఊళ్లో పదిమంది కూడే చోట వేసేవారు. చూసినవాళ్లు ఎరువు గురించో విత్తనం గురించో అడగడానికి ముందు ఇంకో మాట అడిగేవారు: "ఆ మనిషి పేరేంటి? ఏ ఊరు?"

మొక్కల గురించి పుస్తకంలోంచో ఫోన్లోంచో నేర్చుకునే ఎవరైనా వేయాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఊరు తెలిస్తే నేల తెలుస్తుంది. వాన ఎప్పుడు పడుతుందో, నీళ్లు బోరువో కాలువవో, ఎండ ఎంత కాస్తుందో తెలుస్తుంది. ఇవేవీ తెలియకుండా "ఇలా చేస్తే గంపలకొద్దీ కాయలు" అన్న మాటను నమ్మడం, పక్కింటివాళ్ల మందుచీటీతో మందులు కొనుక్కోవడం లాంటిదే.

ఒకప్పుడు ఈ ప్రశ్న అవసరం పడేది కాదు. బీరపాదు పెట్టడం నేర్పిన అమ్మమ్మ అదే పెరట్లో ఉండేది. ఆమె చెప్పిన మాటకూ ఆ మట్టికీ మధ్య దూరం లేదు. ఇప్పుడు మిద్దె మీద తోట మొదలుపెట్టేవాళ్లలో చాలామందికి పెరడే లేదు. తాతకు పొలం ఉండేదన్న జ్ఞాపకం ఒక్కటే ఉంటుంది. అమ్మమ్మ స్థానంలోకి పుస్తకం, యూట్యూబ్ వచ్చాయి. అవి రావడం మంచిదే. అవి లేకపోతే ఈ తరానికి మొక్కల దగ్గరికి వెళ్లే దారే లేకుండా పోయేది. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన మిద్దెతోట గురించి రాస్తూ, చూపిస్తూ ఉండటం వల్ల 'మిద్దెతోట' అన్న మాట ఎన్ని ఇళ్లలోకి వెళ్లిందో చూస్తే చాలు. చిక్కల్లా ఆ అమ్మమ్మలు ఇప్పుడు వేర్వేరు ఖండాల్లో ఉండి, అందరూ ఒకే తెర మీద మాట్లాడుతుండటం.

ఇంగ్లిష్ తోటపని పుస్తకం ఏది తెరిచినా ముందు పేజీల్లో మంచు ఉంటుంది. వసంతంలో చివరి గడ్డమంచు ఏ తేదీన పడుతుందో కనుక్కో, దానికి ఆరువారాల ముందు ఇంట్లో నారు పోసుకో అని మొదలవుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని 13 మండలాలుగా (జోన్లుగా) విడగొట్టి గీసిన పటం ఒకటుంది. 2023లో దాన్ని కొత్త లెక్కలతో సవరించారు. వీడియోల్లో "మాది జోన్ 7" అని చెప్పేది ఆ పటం ప్రకారమే. ఆ పటం చెప్పే సంగతి ఒక్కటే: చలికాలంలో అక్కడ సగటున ఎంత తక్కువకు ఉష్ణోగ్రత పడిపోతుంది అని. మొక్కను చలి చంపే దేశాల్లో అది ప్రాణాధారమైన సమాచారం. రామగుండంలోనో రెంటచింతలలోనో మొక్కను చంపేది చలి కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత పుట్టిన నేల ఇది. వేసవి ఎంత కాస్తుందో ఆ పటంలో ఎక్కడా ఉండదు.

ఎండ విషయమూ అంతే. "రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నేరుగా పడే ఎండ కావాలి" అని ప్రతి పుస్తకమూ చెబుతుంది. ఇంగ్లండులో జులై ఎండకూ హైదరాబాదులో మే ఎండకూ పోలికే లేదు. టమాటా సంగతి చూడండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 కిందికి దిగకపోతే పుప్పొడి దెబ్బతింటుంది, పూత నిలవదు. ఏప్రిల్ నెలాఖరులో మిద్దె మీద టమాటా పూత రాలుతుంటే చాలామంది ఎరువు తక్కువైందనుకుంటారు. వీడియోలు వెతికి ఒక వారం అరటితొక్కల నీళ్లు, ఇంకో వారం పుల్లమజ్జిగ పోస్తారు. ఆ మొక్కకు అప్పుడు కావలసింది సగం నీడనిచ్చే షేడ్‌నెట్. అది కట్టినా కాపు వస్తుందన్న హామీ లేదు. ఆ రెండు నెలలు టమాటాను వదిలేసి బెండ, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి పెంచుకోవడం తెలివైన పని. ఇవి ఎండకు ఓర్చే మొక్కలు. తెలుగు ఇళ్ల వేసవి వంటల్లో ఈ కూరలు ఎక్కువ కనిపించడం వెనక ఇదీ ఒక కారణం.

ఎత్తు మడులు ఇంకో ఉదాహరణ. చెక్కలతో పెట్టెలా కట్టి, నిండా మట్టి పోసి కూరగాయలు పెంచే వీడియోలు కంటికి ఎంతో ఇంపుగా ఉంటాయి. చల్లగా, తడిగా ఉండే దేశాల్లో అవి ఎందుకు పుట్టాయంటే, ఎత్తుగా ఉన్న మట్టి వసంతంలో తొందరగా వేడెక్కుతుంది, అదనపు నీరు తొందరగా దిగిపోతుంది. ఈ రెండు గుణాలూ అనంతపురంలో అక్కర్లేనివి. అక్కడ మట్టి వేడెక్కడమూ తడి ఆరిపోవడమూ ఆపడమే రైతు రోజువారీ పోరాటం. వాన తక్కువ పడే చోట మడి నేలకన్నా కాస్త పల్లంగా ఉండాలి. చుట్టూ గట్టు, లోపల పాదు, పైన ఎండుటాకులు ఉండాలి. అదే మడి జులైలో కోనసీమలో వేస్తే వేళ్లు కుళ్లిపోతాయి. అక్కడ ఎత్తు మడే సరి.

కాబట్టి తెలుగు వీడియో అయినంత మాత్రాన మన తోటకు సరిపోతుందన్న భరోసా లేదు. కరీంనగర్‌లో వాన అంటే జూన్ నుంచి సెప్టెంబరు. నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానే ఎక్కువ. ఒకచోట విత్తనం వేసే నెలలో ఇంకోచోట నేల ఇంకా ఎండుతూనే ఉంటుంది. ఎర్రచెలకలో పొద్దున పోసిన నీరు సాయంత్రానికి కనిపించదు, నల్లరేగడిలో మూడు రోజులైనా తడి ఉంటుంది. "రెండు రోజులకోసారి నీళ్లు పోయండి" అని చెప్పే వీడియో ఏ మట్టిని చూసి ఆ మాట చెబుతున్నట్టు?

ఊరు మారితే ఏమవుతుందో చెప్పడానికి చిక్కుడును మించిన సాక్షి లేదు.

అమెరికాలో న్యూజెర్సీ లాంటి చోట్ల ఉండే తెలుగువాళ్లు ఇష్టంగా పెంచుకోవాలనుకునే పాదుల్లో చిక్కుడు ఒకటి. మేలో విత్తనం పెడతారు. వేసవంతా తీగ కంచె ఎక్కి, పందిరి కమ్మేసి, పక్కింటి గోడ దాకా పాకుతుంది. పూత మాత్రం రాదు. జులై పోతుంది, ఆగస్టు పోతుంది. "నత్రజని ఎక్కువైంది, ఎరువు ఆపండి" అని ఒక వీడియో, "చివర్లు తుంచండి" అని ఇంకో వీడియో. అన్నీ చేస్తారు. చివరికి అక్టోబరులో పూత గుత్తులు గుత్తులుగా వస్తుంది. రెండు మూడు వారాల్లో మొదటి మంచు పడి పాదు మొత్తం ఒక్క రాత్రిలో నల్లబడిపోతుంది.

కారణం ఎరువులో లేదు, పగటి పొడవులో ఉంది. మన సంప్రదాయ చిక్కుడు రకాలు చాలావరకు పగలు తగ్గి రాత్రి పెరుగుతున్నప్పుడే పూతకు వస్తాయి. హైదరాబాదులో అతి పెద్ద పగలు సుమారు 13 గంటలు, అతి చిన్నది 11. తేడా రెండు గంటలే. ఆషాఢంలో పెట్టిన పాదు దసరా, దీపావళి రోజుల్లో పూతకొచ్చి, సంక్రాంతికి కాపు మీద ఉంటుంది. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఆచారానికి ఆ రోజుకి పాదు నిండుగా ఉండటమే ఆధారం. న్యూజెర్సీలో జూన్ పగలు 15 గంటలు. అది 12 గంటల కిందికి రావాలంటే సెప్టెంబరు ఆఖరి వారం కావాలి. చిక్కుడు గింజ తన పుట్టింటి సూర్యుడి లెక్కనే మోసుకెళ్లింది. అందుకు పరిష్కారం పగటి పొడవుతో పని లేని రకాలు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ అనే పొద చిక్కుళ్లు అలాంటివే. అయితే ఇండియా నుంచి అమెరికాకు విత్తనాలు తీసుకెళ్లడానికి అక్కడి నిబంధనలు ఉన్నాయి, సూట్‌కేసులో దాచి పట్టుకుపోయే వస్తువు కాదది. ఇలాంటి సంగతులు అడగడానికి అక్కడ ప్రతి కౌంటీకీ (మన జిల్లా లాంటిది) సాగు గురించి సలహాలిచ్చే విశ్వవిద్యాలయాల విస్తరణ సేవలు ఉన్నాయి. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో దేశమంతటా నిలబడిన ఏర్పాటు అది. యూట్యూబ్ కన్నా ముందు అక్కడ అడిగితే ఒక వేసవి మిగులుతుంది.

పుస్తకానికి తన ఊరిని దాచుకునే అలవాటు లేదు. రచయిత ఎక్కడివాడో, ఎన్నేళ్లు చేశాడో ముందుమాటలోనే తెలిసిపోతుంది. వీడియోతో వచ్చే ఇబ్బంది వేరు. కెమెరాకు ఏది బాగా కనిపిస్తుందో అదే పాఠం అయిపోతుంది.

సుభాష్ పాలేకర్ చెప్పిన ప్రకృతి సేద్యాన్నే తీసుకుందాం. ఆయన పద్ధతికి నాలుగు చక్రాలు: విత్తనానికి పట్టించే బీజామృతం, నేలకు పోసే జీవామృతం, నేలను కప్పి ఉంచే ఆచ్ఛాదన, మట్టి రేణువుల మధ్య గాలీ తేమా కలిసి ఉండే స్థితి అయిన వాఫస. వీటిలో వీడియోలు ఎక్కువ వచ్చింది జీవామృతం మీదే. ఎందుకో ఊహించడం కష్టం కాదు. డ్రమ్ములో 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. వరసగా వేసి కర్రతో తిప్పుతుంటే చూడటానికి బాగుంటుంది. వంట వీడియోలా ఉంటుంది. కొలతలు ఉన్నాయి, పది నిమిషాల్లో అయిపోతుంది. వాఫసను ఎలా చూపిస్తారు? అది మట్టి లోపల ఉంటుంది. ఆచ్ఛాదన అంటే ఎండుగడ్డి పరిచి నెలల తరబడి ఊరుకోవడం. ఊరుకోవడాన్ని వీడియో తీయలేరు.

ఫలితంగా మిద్దె మీద కుండీల్లోకి జీవామృతం ఒక్కటే వచ్చింది. అది ప్రధానంగా సూక్ష్మజీవుల ద్రావణం. కుళ్లి ఎరువు కావడానికి మట్టిలో ఆకు, అలము, గడ్డి ఉంటే ఆ జీవులకు పని ఉంటుంది. నున్నగా చిమ్మేసిన, ఎండకు కాలిపోయే కుండీ మట్టిలో వారం వారం జీవామృతం పోసి "ఫలితం లేదు" అనుకునేవాళ్లు, నాలుగు చక్రాల బండిని ఒక్క చక్రం మీద తోస్తున్నారు. ఎకరానికి చెప్పిన 200 లీటర్ల కొలతను పది కుండీలకు ఎలా తగ్గించాలో కూడా చాలా వీడియోల్లో ఉండదు.

రైతులు ఈ వాఫస లాంటి స్థితినే తరతరాలుగా 'పదును' అంటున్నారు. "అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అని సామెత. అదును అంటే కాలం. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులను ఒక కార్తెగా లెక్కేసి, ఏడాదిని 27 కార్తెలుగా పంచుకుని, ఏ కార్తెలో ఏది వేయాలో చెప్పుకున్నారు. కాలం గురించి పుస్తకం చెప్పగలదు, పంచాంగమూ చెప్పగలదు. పదును మాత్రం చేతికే తెలియాలి. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట బిగించాలి. నీరు కారితే ఎక్కువ తడి. ముద్ద కాకుండా పొడిపొడిగా జారిపోతే తక్కువ. ముద్దయి, బొటనవేలితో నొక్కగానే విడిపోతే అదే విత్తనం వేసే పదును. ఈ నాలుగు వాక్యాలు చదవడానికి పావు నిమిషం పడుతుంది. చేతికి అలవాటవడానికి ఒక సీజన్ పడుతుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే పది పుస్తకాలు చదివినవాళ్ల మొక్కలు కూడా నీళ్లు ఎక్కువై చస్తుంటాయి.

వీడియో దాచే రెండోది కాలం. నారు నాటుతున్న చేతులు, వెంటనే "మూడు నెలల తర్వాత" అన్న అక్షరాలు, ఆ వెంటనే కాయలతో విరగకాసిన మొక్క. మధ్యలో కత్తిరించిన ఆ తొంభై రోజుల్లోనే తోటపని ఉంది. పేనుబంక ఎప్పుడు పట్టిందో, పిండినల్లిని బ్రష్షుతో ఎన్నిసార్లు తుడిచారో, వేపనూనె కొట్టినా ఆకుముడత తగ్గకపోతే ఏ మొక్కను పీకేశారో తెలియదు. అందుకే మొదటిసారి పెంచేవాళ్లు తెల్లదోమ కనిపించగానే తాము ఏదో తప్పు చేశామని దిగులుపడతారు. తప్పేమీ లేదు, తోట అన్నాక పురుగు వస్తుంది.

వంటింటి చెత్తతో ఎరువు చేయడంలో ఇది మరీ కనిపిస్తుంది. వీడియోలో మొదటిరోజు రంగురంగుల కూరగాయ తొక్కలు, చివరిరోజు నల్లటి కమ్మటి ఎరువు. పదో రోజు వచ్చే కంపు గురించి ఎవరూ చెప్పరు. తెలుగు ఇళ్ల వంటింటి చెత్త చాలా తడిగా ఉంటుంది. దోసకాయ గింజలు, ఆనపకాయ చెక్కు, కాడలు, పళ్లతొక్కలు అన్నీ నీళ్లే. తడి చెత్త ఒక పాలు వేస్తే ఎండుటాకులో కోకోపీటో (కొబ్బరి పీచు పొట్టు) రంపపు పొట్టో రెండు పాళ్లయినా పడాలి. అది లేకపోతే గాలి ఆడక కుళ్లుతుంది, వాసన వస్తుంది, అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్లతో గొడవ అవుతుంది. ఒక్కోసారి డబ్బా నిండా లావు పురుగులు కదులుతుంటే హడలిపోయి మొత్తం పారబోస్తారు. అవి చాలావరకు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. హాని చేయవు, చెత్తను వేగంగా తింటాయి. ఈ ఒక్క ముక్క ముందే చెబితే ఎన్ని డబ్బాలు బతికేవో.

ఇక చిట్కాల సంగతి. టమాటా కాయ అడుగు భాగం నల్లబడి కుళ్లుతుంటే గుడ్డుపెంకుల పొడి వేయమని, ఎప్సమ్ సాల్ట్ పోయమని చెప్పే వీడియోలకు లెక్కలేదు. ఆ కుళ్లుకు కారణం కాయకు కాల్షియం అందకపోవడమన్నది నిజమే. కానీ మట్టిలో కాల్షియం లేకపోవడం వల్ల అలా జరగడం అరుదు. కాల్షియం నీటితో పాటే వేళ్ల నుంచి పైకి ప్రయాణిస్తుంది. ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు నీళ్లు ముంచెత్తితే ఆ ప్రయాణం తెగిపోతుంది. గుడ్డుపెంకు మట్టిలో కరగడానికి చాలాకాలం పడుతుంది, ఆ సీజన్ కాయకు అది అందదు. ఎప్సమ్ సాల్ట్‌లో ఉండేది మెగ్నీషియం. అది వేళ్ల దగ్గర కాల్షియంతో పోటీపడి పరిస్థితిని ఇంకా చెడగొట్టవచ్చు. మరి "వేశాను, తగ్గింది" అని వందలమంది ఎందుకు చెబుతారు? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఈ కుళ్లు మొదటి కాపు కాయలకే ఎక్కువ వస్తుంది. వేళ్లు విస్తరించాక తర్వాతి కాయలు చాలాసార్లు వాటంతట అవే బాగుంటాయి. సరిగ్గా ఆ సమయంలోనే గుడ్డుపెంకు వేసి ఉంటారు. కాకి వాలడం, తాటిపండు పడటం. కాకతాళీయం అన్న మాట మనకు ఉన్నదే ఇందుకు. నాలుగు కుండీల్లో రెండింటికి వేసి, రెండింటికి వేయకుండా చూస్తే ఒక్క కాపులో నిజం బయటపడుతుంది. అలా చేసి చూపించే వీడియోలు ఉన్నాయి, తక్కువ. అవే చూడదగ్గవి.

కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందన్నది పుస్తకాల్లోంచి వీడియోల్లోకి వచ్చిన పాత పొరపాటు. మట్టి పొర పూర్తిగా తడిసేదాకా నీరు కింది రాళ్లలోకి దిగదు. కాబట్టి నీరు నిలిచే పొర పైకి జరిగి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద మట్టి కారిపోకుండా ఒక పెంకుముక్క చాలు.

ఇవన్నీ మొక్క పోయే తప్పులు. మనుషుల మీదకు వచ్చే తప్పు ఒకటుంది, అది మిద్దె బరువు. స్లాబు మీద అడుగు ఎత్తున మట్టి పోసి పొలంలా పెంచే వీడియోలు చూసి ఉత్సాహపడేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి. భారత ప్రమాణాల ప్రకారం (ఐఎస్ 875, రెండో భాగం) మనుషులు ఎక్కి తిరిగే చదునైన కప్పుకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు భారం పడుతుందని లెక్కగడతారు. చదరపు అడుగుకు 14 కిలోలన్నమాట. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తడి తోటమట్టి 45 కిలోల దాకా తూగుతుంది. మూడింతలు! వానలో నానితే ఇంకాస్త పెరుగుతుంది. బరువైన మడులు కింద గోడ, దూలం, పిల్లర్లు ఉన్న వరస మీదే పెట్టాలి, స్లాబు నడిమధ్యన కాదు. మట్టిలో కోకోపీట్, మాగిన ఎరువు ఎక్కువ పాళ్లలో కలిపితే బరువు తగ్గుతుంది. పాత ఇల్లయితే ఇంజినీరుకు చూపించకుండా మొదలుపెట్టకూడదు.  ఈ విషయం ముందు చెప్పాకే తోట చూపించే వీడియోలను మాత్రమే నమ్మాలి.

పుస్తకాన్ని పైపైన చదివితే ఏమవుతుందో జపాన్ రైతు మసనోబు ఫుకుఒకా స్వయంగా చెప్పారు. 1975లో జపనీస్‌లో వచ్చి, 'గడ్డిపరకతో విప్లవం' పేరుతో తెలుగువాళ్లకూ చేరిన ఆయన పుస్తకం ప్రకృతి సేద్యం మీద ఎంతో మందికి మొదటి ప్రేమ పుట్టించింది. దున్నొద్దు, రసాయనాలు వద్దు, కత్తిరించొద్దు అన్న మాటలు అందరికీ గుర్తుంటాయి. అదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. మొదట్లో ఆయన తన తండ్రి నారింజ తోటలో చెట్లను కత్తిరించకుండా వదిలేశారు. కొమ్మలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోయి, పురుగులు పట్టి, తోట నాశనమైపోయింది. అప్పటిదాకా మనిషి చేత్తో కత్తిరించి మలిచిన చెట్టును ఒక్కసారిగా వదిలేస్తే అది ప్రకృతి కాదు, పాడుబెట్టడం అని ఆయనకు అక్కడే తెలిసింది. ఈ భాగం చదివి కూడా మర్చిపోయేవాళ్లు, లీజుకు తీసుకున్న రెండెకరాలను "ఫుకుఒకా పద్ధతి" అని వదిలేసి, తుంగ, గరిక కమ్మేశాక దిగులుపడుతుంటారు. ఆయన తోట ఉన్న షికోకు దీవిలో ఏడాది పొడవునా బాగా వాన పడుతుందన్న సంగతి కూడా పుస్తకం చదివేటప్పుడు మనసులో ఉండాలి.

పొలం కొనుక్కుని వెళ్లిపోవాలనుకునేవాళ్ల విషయంలో నష్టం ఇంకా పెద్దది. అమెరికన్ వీడియోల 'హోమ్‌స్టెడింగ్' (సొంత నేల మీద తమకు కావలసింది తామే పండించుకుని బతకడం) అన్న మాటలో 1862 నాటి చట్టం ఉంది. ఐదేళ్లు ఉండి సాగుచేస్తే 160 ఎకరాలు ఇచ్చిన చట్టం. అంత స్థలం, ఆరునెలల చలి, ఆ చలికి సరిపడా గాజు సీసాల్లో కూరగాయలు మరిగించి నిల్వచేసుకోవడం ఆ జీవితంలో భాగం. ఆ సీసాల వీడియోలు చూసి ఇక్కడ మామూలు గిన్నెలో బీన్స్ మరిగించి మూతపెట్టడం ప్రమాదం. పులుపు లేని కూరగాయలను అలా నిల్వచేస్తే బొట్యులిజం అనే జబ్బు తెచ్చే ప్రాణాంతక విషం తయారుకావచ్చు. వాటికి నీరు మరిగే వేడి చాలదు, ఒత్తిడితో 116 డిగ్రీల దాకా వెళ్లే ప్రత్యేక పాత్ర కావాలి. ఏప్రిల్ ఎండను ఊరికే ఇచ్చే నేల మీద ఆ అవసరమే తక్కువ. వంకాయ వరుగులు, గోరుచిక్కుడు వరుగులు, ఊరమిరపకాయలు, గుమ్మడి వడియాలు ఇక్కడి నిల్వ పద్ధతులు. ఎండ, ఉప్పు, నూనె, పులుపు. వీటి మీద మంచి తెలుగు వీడియోలు వస్తున్నాయి, పెద్దవాళ్లు చేసి చూపిస్తున్నారు. హోమ్‌స్టెడింగ్ మీద ఆసక్తి ఉన్న కుర్రవాళ్లు చూడాల్సినవి ముందు అవి.

"ఉద్యోగం మానేసి పల్లెకు వచ్చాను" అనే వీడియోల్లో కంచె ఖర్చు కనిపించదు. తెలంగాణ పల్లెల్లో కోతులు, అడవిపందులు ఒక్క రాత్రిలో ఏం చేస్తాయో కనిపించదు. నాటుకోళ్లు గింజలు ఏరుకుంటూ తిరిగే దృశ్యం ఉంటుంది. కొక్కెర తెగులు వచ్చి వారంలో మంద మొత్తం పోయిన ఇల్లు తన వీడియో తీసుకోదు. కోడిపిల్లలకు మొదటి వారంలోనే టీకా వేయించాలన్న మాట పశువైద్యుడు చెబుతాడు, మండల కేంద్రంలో ఉంటాడు, అడిగితే చాలు. నష్టపోయి వెనక్కి వెళ్లినవాళ్లు చానల్ నడపరు. అందుకని తెర మీద గెలిచినవాళ్లే ఉంటారు.

మరి వీడియోలు పనికిరావా? డిజిటల్ గ్రీన్ అనుభవమే దానికి జవాబు. వాళ్ల పద్ధతిలో వీడియో ఒక్కటే వేసి వెళ్లిపోరు. ఊరివాళ్లలోంచే ఒకరు పక్కన నిలబడతారు. మధ్యలో ఆపుతారు. "ఇప్పుడు ఏం చేసింది? మన దగ్గర ఆ ఆకు దొరుకుతుందా? ఎవరు చేసి చూస్తారు?" అని అడుగుతారు. ఆ తర్వాత ఎవరు చేశారో కనుక్కుంటారు. పాఠం వీడియోలో సగం, ఆ ఆపిన చోట సగం. ఒంటరిగా ఫోన్ చూసేవాళ్లు పోగొట్టుకునేది ఆ రెండో సగాన్నే. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి సేద్య కార్యక్రమంలోనూ చిన్న ప్రొజెక్టర్లతో ఇలా కూర్చోబెట్టి చూపించే పని జరిగింది. పాత తెలుగు వ్యవసాయ పత్రికలకూ ఈ తెలివి ఉండేది. రైతు విజయగాథ చివర అతని ఊరూ ఫోను నంబరూ వేసేవారు. చదివినవాళ్లు ఫోన్ చేసేవారు, బస్సెక్కి వెళ్లి చూసొచ్చేవారు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఇంకో అడుగు ముందుకు వేశారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు, చాలామంది బడికి వెళ్లనివాళ్లు, కెమెరా పట్టడం నేర్చుకుని తమ జొన్న చేలూ, విత్తనాల బుట్టలూ, పండుగలూ తామే తీశారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో పెట్టారు. అక్కడ నేర్పేవాళ్లకూ నేర్చుకునేవాళ్లకూ ఊరు ఒకటే, నేల ఒకటే. "ఏ ఊరు?" అన్న ప్రశ్నకు వినేవాళ్ల దగ్గరే జవాబు ఉంటుంది.

నగరంలో మిద్దె మీద మొదలుపెట్టే మనిషికి అలాంటి సంఘం దొరకకపోవచ్చు. దగ్గరలో రైతులకు సలహాలిచ్చే కృషి విజ్ఞాన కేంద్రం ఉండవచ్చు. అదే వీధిలో నాలుగేళ్లుగా మొక్కలు పెంచుతున్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. వీడియోలో చూసిన పనిని చేసేముందు ఆ ఇంటి గేటు తట్టి "అక్కా, మీ దగ్గర ఇది ఏ నెలలో వేస్తారు?" అని అడిగితే పది వీడియోలు చెప్పనిది తెలుస్తుంది. వీడియోల్లో కూడా ఒకే మనిషిని, తన ప్రాంతానికి దగ్గరవాణ్ని, ఏడాది పాటు వారం వారం అనుసరించడం మంచిది. అలా చూస్తే ఏప్రిల్‌లో అతని తోట ఎండిపోవడం, జులైలో తెగులు రావడం కూడా కనబడతాయి.

అన్నిటికన్నా చవకైన పుస్తకం ఇరవై రూపాయల నోట్‌బుక్. అందులో రాయాల్సింది పెద్దగా ఏమీ లేదు. జూన్ 12, మృగశిర, మొన్న రాత్రి వాన, పదును బాగుంది. బెండ (అర్క అనామిక రకం), ఎనిమిది గింజలు, తూర్పు గోడ పక్క మడి. జూన్ 17, అయిదు మొలిచాయి. జులై 20, మొదటి పూత. ఆగస్టు 2, ఆకుల కింద పేనుబంక, సబ్బునీళ్లు. మూడేళ్లు రాస్తే ఆ ఇంటి మిద్దె గురించి ఎక్కడా దొరకని పుస్తకం ఒకటి ఆ ఇంట్లోనే ఉంటుంది, ఏ ఊరిదో ముందు పేజీలోనే రాసి ఉంటుంది.